సెల్ఫ్ పోలేదు, మన బుర్ర పోయింది



పోస్టు పొడుగుంది. కల్లం కాడ కాపలా పడుకునేటప్పుడు తీరిగ్గా చదవండి. మెకానిక్ అన్నలకి కోపం రావొచ్చు. చివరిదాకా చదివితే మనకే ఎక్కువ కోపం రావాలి.

మన పల్లెల్లో ఒక జబ్బుంది. దాని పేరు "మార్చేత్తే పోద్ది". బండి స్టార్ట్ కాలేదా, సెల్ఫ్ మార్చేత్తే పోద్ది. అయినా కాలేదా, బ్యాటరీ మార్చేత్తే పోద్ది. పోయేది మాత్రం జబ్బు కాదు, మన జేబు. ఈ ఏడు మిర్చి కోతల్లో నా జేబులోంచి అలా పోయింది 16 వేలు. దొరికిన రోగం ఖరీదు 180 రూపాయలు. అది కూడా మిగతా కథ ముందు చిన్నదే. మా తమ్ముడి కొడుకు కాలు పోయేది, కొద్దిలో తప్పింది. అందుకే రాస్తున్నా.

నా దగ్గర పాత డీజిల్ జీపు ఉంది, ఫోర్ వీల్ ది. మా చేను వాగు అవతల. నల్లరేగడి. వాన పడితే మామూలు ఆటో ట్రాలీ గట్టు కూడా ఎక్కదు. మందు డ్రమ్ములు, కూలోళ్లు, కాయ బస్తాలు, అన్నీ ఆ జీపు మీదే. షోకు కోసం కొన్న బండి కాదది, మాకు ఎద్దు లాంటిది.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున తాళం తిప్పితే "టక్" అంది. అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ ఒక్క "టక్". లైట్లు వేస్తే దివిటీల్లా వెలుగుతున్నాయి. పదకొండు మంది కూలోళ్లు రోడ్డు మీద నిలబడి ఉన్నారు. టౌన్ నుంచి మెకానిక్‌ని పిలిపించా. వచ్చాడు, తాళం తిప్పాడు, లైట్లు చూశాడు. "బ్యాటరీ బాగుంది బాబాయ్, సెల్ఫ్ పోయింది" అన్నాడు. రెండు నిమిషాల్లో తీర్పు అయిపోయింది. మీటరు తియ్యలేదు, ఒక వైరు ముట్టుకోలేదు. కొత్త సెల్ఫ్ 8,500, బిగింపు కూలి 700. బిగించాడు, బండి అందుకుంది. వాడు దేవుడు, నేను భక్తుణ్ణి.

తొమ్మిదో రోజు మళ్లీ "టక్".

ఈసారి ఇంకొకాయన వచ్చాడు. "కొత్త సెల్ఫే కదా, అయితే బ్యాటరీయే" అన్నాడు. 6,800. బండి అందుకుంది. మళ్లీ భక్తి. ఐదు రోజులకి చేలో, వాగు అవతల, బండి నిండా బస్తాలతో, మళ్లీ "టక్".

అప్పుడు మనందరికీ తెలిసిన వైద్యమే చేశాం. పానా పెట్టి డైరెక్ట్ కొట్టడం. సెల్ఫ్ మీద ఉన్న రెండు లావు బోల్టులకి పానా అడ్డం పెడితే మంట లేచి మోటారు తిరుగుద్ది. మా తమ్ముడి కొడుక్కి పందొమ్మిదేళ్లు. ఆ పని వాడికి నేర్పింది ఎవరో కాదు, నేనే. హ్యాండ్ బ్రేకు సరిగ్గా పట్టదని బండిని ఎప్పుడూ గేర్లో పెట్టి ఆపుతా. ఆ రోజు బురద అని ఫోర్ వీల్ లో గేర్లో ఉంది, ఫస్టులో ఉంది. నేను బస్తాల తాడు బిగిస్తున్నా. వాడు బానెట్ లోకి వంగి, ఎడమ చక్రం పక్కన నిలబడి, "పెదనాన్నా, కొట్టనా" అన్నాడు. "కొట్టు" అన్నా. గేరు మాట ఇద్దరికీ గుర్తు లేదు.

అన్ని రోజులూ మొండికేసిన సెల్ఫ్ ఆ ఒక్కసారి తిరిగింది. పాత డీజిల్ ఇంజన్ కదా, దానికి తాళంతో పని లేదు. తిప్పితే చాలు అందుకుంటుంది, ఆపే నాబ్ లాగితే తప్ప ఆగదు. లో గేర్లో ఉన్న బండికి గట్టు అడ్డం అవదు, నాలుగు చక్రాలూ లాగుతాయి. చక్రం వాడి కాలి మీద నుంచి పోయింది. మెత్తటి దుక్కి కాబట్టి పాదం మట్టిలోకి దిగిపోయింది, లేకపోతే పొడి అయ్యేది. రెండు వేళ్ల ఎముకలు విరిగాయి. నేను పరిగెత్తి ఎక్కి నాబ్ లాగేసరికి బండి ఆరేడు గజాలు పోయింది. వాడు వెనక్కి పడ్డాడు కాబట్టి సరిపోయింది. ముందుకి పడి ఉంటే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు, మా తమ్ముడి మొహం చూసేవాణ్ణి కాదు.

ఆ తర్వాత బండి ముట్టుకోవాలంటే భయమేసింది. ట్రాక్టరుతో లాగించి, పాత బస్టాండు వెనకాల కూర్చునే ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకుపోయా. ఆయన సెల్ఫ్ వైపు చూడనే లేదు. మీటరు తీశాడు. ఒక పుల్ల బ్యాటరీ మైనస్ గుబ్బ మీద, రెండో పుల్ల ఇంజన్ ఒంటి మీద పెట్టి, తాళం తిప్పమన్నాడు. మీటర్లో దాదాపు 4 వోల్టులు చూపించింది. "ఇక్కడ రెండు మూడు పాయింట్ల కంటే ఎక్కువ రాకూడదయ్యా, నాలుగు వోల్టులు దార్లోనే తినేస్తోంది" అన్నాడు. జంపర్ వైరు తీసి బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కి నేరుగా పట్టించాడు. తాళం తిప్పా. ఒక్క దెబ్బకి అందుకుంది.

రోగం ఏంటంటే ఎర్త్ పట్టీ. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, రబ్బర్లోంచి కరెంటు పోదు. అందుకని ఛాసిస్ నుంచి ఇంజన్‌కి ఒక రాగి జడ పట్టీ వేస్తారు. బురదనీళ్లలో తిరిగి తిరిగి అది తుప్పు పట్టి, నాలుగు పోగులు మిగిలింది. కొత్త పట్టీ 180 రూపాయలు. మొదటి మెకానిక్ సెల్ఫ్ బిగించేటప్పుడు ఆ పట్టీ కదిలి కాసేపు అతుక్కుంది. రెండో ఆయన బ్యాటరీ మార్చినప్పుడు క్లిప్పులు బిగిసి, కొత్త బ్యాటరీ బలం కలిసి, ఇంకొన్నాళ్లు నడిచింది. మందు పని చేసిందనుకున్నాం. చేసింది మందు కాదు, కదిలించడం.

ఇంకో మాట. "యాక్సిలరేటర్ కేబుల్ కాలుతోంది పెదనాన్నా" అని వాడు అంతకు వారం ముందే నాతో అన్నాడు. ఎర్త్ దారి మూసుకుపోతే కరెంటు దొరికిన దారిన పోద్ది. ఇనుప కేబుళ్లలోంచి పోయి వాటిని కాలుస్తుంది. బండి నోరు తెరిచి చెప్పింది. నేను వినలా.

లైట్లు అంత బాగా వెలుగుతుంటే కరెంటు లేదంటే ఎట్లా అని నేనూ అడిగా. ఇది తెలుసుకోండి. ఒక హెడ్‌లైటు 5 ఆంపియర్లు తాగుద్ది. డీజిల్ సెల్ఫ్ తిరగాలంటే 200 ఆంపియర్లు, ఇంకా పైనే కావాలి. పెట్రోల్ ఇంజన్ గాలిని తొమ్మిది పది వంతులకి నొక్కితే, డీజిల్ ఇంజన్ ఇరవై వంతుల దాకా నొక్కుద్ది. ఆ బలానికి ఎదురు తిప్పాలి మరి. దారిలో ఓం లో వందో వంతు అడ్డం ఉన్నా, 200 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే పోతాయి. అదే అడ్డం లైటుకి లెక్కే కాదు. డ్రిప్పు పైపులో పాచి పట్టిందనుకోండి, ఒక చెట్టుకి చుక్కలు పడతాయి, ఎకరం మొత్తానికి నీళ్లు పారవు. ఇదీ అంతే. పైగా లైట్ల ఎర్త్ ఛాసిస్ మీదే, ఇంజన్ ఎర్త్ తెగినా వాటికి తెలీదు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా.

మిర్చి ఆకు ముడుచుకుంటే మనం ఏం చేస్తాం? పైకి ముడిచిందా కిందికి ముడిచిందా అని చూస్తాం. పై ముడత అయితే తామర పురుగు, కింది ముడత అయితే నల్లి. చూడకుండా మూడు డబ్బాలు చేతిలో పెట్టే షాపువాణ్ణి రచ్చబండ మీద కూర్చుని తిడతాం. మరి బండి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైంది? ఆకు తిప్పి చూసే రైతు, బ్యాటరీ క్లిప్పు తిప్పి ఎందుకు చూడడు?

మెకానిక్ మాట కూడా వినండి. అది న్యాయంగా ఉంటుంది. రెండో ఆయన్ని తర్వాత కలిసి అడిగా, "మీటరు పెట్టి చూడొచ్చుగా" అని. ఆయన ఏమన్నాడో తెలుసా? "బాబాయ్, గంట వెతికి ఒక వైరు బిగిస్తే మీరు యాభై రూపాయలిచ్చి టీ తాగమంటారు. సామాను మారిస్తే వేలు లెక్కపెట్టి ఇస్తారు. నా పిల్లలు తినేది ఎట్లా?"

నేను కోపంగా ఏదో అనబోయి ఆగిపోయా. ఎందుకంటే ఆ ముసలాయన పట్టీకి 180, చూసినందుకు 300 అడిగితే, "చూసినందుకే మూడొందలా" అని బేరమాడింది నేనే. 16 వేలు మాట్లాడకుండా లెక్కపెట్టి ఇచ్చిన చెయ్యి, రోగం పట్టుకున్న మనిషికి 300 ఇవ్వడానికి వణికింది. ఇనుముకి విలువ ఇస్తాం, బుద్ధికి ఇవ్వం. అట్లాంటప్పుడు మనకి ఇనుమే దొరుకుద్ది.

మన పంటని కూడా అట్లాగే కొంటున్నారు కదా అని ఎప్పుడైనా అనుకున్నారా? మన కష్టానికి, మన అనుభవానికి ధర లేదని మనం ఏడుస్తాం. ఆ పనే మనం ఇంకొకడికి చేస్తాం.

అలాగని మెకానిక్‌లందరినీ క్షమించి వదిలెయ్యమని కాదు. తెలీనప్పుడు "తెలీదు, చూడాలి" అనొచ్చు. "పోయింది" అని తీర్పు చెప్పకూడదు. పాత సామాను చేతికివ్వాలి. నా పాత సెల్ఫ్ ఎక్కడుందని అడిగితే "స్క్రాపులో వేశా" అన్నాడు. అది బాగానే ఉందని ఇప్పుడు నాకు తెలుసు. ఇంకెవరి బండికో రీకండిషన్ పేరుతో ఎక్కి ఉంటుంది.

సరే, తిట్టుకుంటే పని అవదు. ఆ ముసలాయన దగ్గర నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని నేర్చుకున్నది, నా బండి మీద చేసి చూసుకున్నది రాస్తున్నా. ముందు చెవి పెట్టండి. సెల్ఫ్ శబ్దంలోనే సగం రోగం తెలుస్తుంది.

1. టకటకటకటక అని వరసగా కొట్టుకుంటే: కరెంటు చాలట్లేదు. బ్యాటరీ దిగింది, లేదా క్లిప్పులకి బూజు పట్టింది. సెల్ఫ్ జోలికి పోవద్దు.

2. ఒక్క "టక్" అని ఆగితే: సోలనాయిడ్ అందుకుంది కానీ మోటారుకి బలం అందలేదు. ఎర్త్ పట్టీ కావచ్చు, లావు వైరు కావచ్చు, సోలనాయిడ్ లోపల రాగి బిళ్లలు కాలి ఉండొచ్చు, కార్బన్ బ్రష్షులు అరిగి ఉండొచ్చు. ఇందులో సెల్ఫ్ తప్పు సగమే. ముందు దారి చూడాలి, తర్వాత మోటారు.

3. ఏ శబ్దమూ లేకపోతే: సోలనాయిడ్‌కి సన్న వైరు మీద కరెంటే రావట్లేదు. తాళం స్విచ్, రిలే, సన్న వైరు తగరం చూడాలి. కొత్త బళ్లలో క్లచ్ తొక్కితేనే తిరిగే స్విచ్ ఉంటుంది, అదీ చూడాలి.

4. మోటారు గుయ్ మని తిరిగి ఇంజన్ కదలకపోతే: బెండిక్స్ జారుతోంది, లేదా బురద పట్టి ముందుకి రావట్లేదు. గ్రీజు పుయ్యకండి, దానికి ఇంకా మట్టి అంటుకుంటుంది. విప్పి శుభ్రం చేయించాలి.

5. కరకరమని పళ్లు కొరికినట్టు వస్తే: సెల్ఫ్ బోల్టులు లూజు, లేదా ఫ్లైవీల్ పళ్లు అరిగాయి. అదే పనిగా కొడితే మిగిలిన పళ్లు కూడా పోతాయి. అప్పుడు గేరుబాక్సు దించాల్సి వస్తుంది.

6. ఇంజన్ జోరుగా తిరిగి అందుకోకపోతే: సెల్ఫ్ తప్పు లేనే లేదు. డీజిల్లో గాలి పట్టిందా, ఫిల్టరు మూసుకుందా, చలికాలం హీటర్ ప్లగ్గులు వేడెక్కుతున్నాయా చూడండి. కొత్త సెల్ఫ్ కొన్న పుణ్యాత్ములు ఇక్కడ కూడా ఉన్నారు.

7. వాగులో ఇంజన్ మునిగి ఆగిపోయి, తర్వాత సెల్ఫ్ కొడితే "దబ్" మని బిగుసుకుంటే: చెయ్యి తీసెయ్యండి. సిలిండర్లోకి నీళ్లు పోయి ఉండొచ్చు. నీళ్లు నొక్కితే నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుద్ది. ఇంజెక్టర్లు గానీ హీటర్ ప్లగ్గులు గానీ విప్పి నీళ్లు బయటికి కొట్టించాకే తిప్పాలి. ఫోర్ వీల్ ఉంది కదా అని వాగులోకి దూకే కుర్రాళ్లు ఇది గోడ మీద రాసుకోండి.

తర్వాత మీటరు. ఫోన్ రీఛార్జి అంత ధరకి చిన్న మల్టీమీటర్ వస్తుంది. నాలుగు లెక్కలు చాలు.

రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. 12 కంటే కిందకి అంటే దాదాపు ఖాళీ.

సెల్ఫ్ తిప్పుతుండగా బ్యాటరీ గుబ్బల మీద 9.6 కంటే పడకూడదు. పడితే బ్యాటరీ దిగి ఉంది లేదా ముసలిది. ఛార్జింగ్ పెట్టి మళ్లీ చూడాలి. మంచి బ్యాటరీతో కూడా పడితే అప్పుడు సెల్ఫ్ లోపల బిగుసుకుందేమో అనుమానించాలి.

బ్యాటరీ మైనస్ గుబ్బ నుంచి ఇంజన్ ఒంటికి, సెల్ఫ్ తిప్పుతుండగా, 0.3 దాటితే ఎర్త్ దారి చెడింది. బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ లావు బోల్టుకి 0.5 దాటితే ఆ వైరు చెడింది.

ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 లోపు రావాలి. రాకపోతే డైనమో ఛార్జింగ్ ఇవ్వట్లేదు. కొత్త బ్యాటరీ వేసినా వారానికి పడుకుంటుంది.

దారులన్నీ బాగుండి, సెల్ఫ్ బోల్టు దాకా బలం వచ్చి కూడా తిరగకపోతే, అప్పుడు సెల్ఫ్ విప్పండి. అప్పుడు కూడా కొత్తది కాదు. బ్రష్షులు, బుష్షులు, సోలనాయిడ్ విడివిడిగా దొరుకుతాయి. ఆర్మేచర్ కాలితేనే పెద్ద ఖర్చు.

ఇది చేసే ముందు బండి న్యూట్రల్లో ఉండాలి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. ఫోర్ వీల్ వాళ్లు ఇంకోటి గుర్తు పెట్టుకోండి. రెండో గేరు రాడ్, అదే ట్రాన్స్‌ఫర్ కేసుది, న్యూట్రల్లో ఉంటే, పెద్ద గేరు ఫస్టులో పెట్టినా బండి ఆగదు. ఏటవాలులో దొర్లిపోద్ది. గేరు మీద నమ్మకం వద్దు, హ్యాండ్ బ్రేకు బాగు చేయించండి. నేను చేయించా, వాడి కాలు విరిగాక.

క్లిప్పులు విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. బూజు ఉంటే వేడినీళ్లలో వంట సోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, పైన వ్యాజ్‌లైన్ రాయండి. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ దగ్గర బీడీ వద్దు, ఆ గ్యాసు అంటుకుంటే బ్యాటరీ పేలుద్ది. సెల్ఫ్ ఒకేసారి పది పదిహేను సెకన్లకి మించి కొట్టొద్దు, ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. ఆగకుండా కొడితే బాగున్న సెల్ఫ్ కూడా కాలిపోద్ది.

ఇక నేను పెట్టుకున్న మూడు నియమాలు చెప్పి ముగిస్తా. మీకు నచ్చితే మీరూ పెట్టుకోండి.

ఒకటి, వెతికినందుకు డబ్బులు ఇస్తా. సామాను మార్చకపోయినా ఇస్తా. ముందే చెప్తా, "మార్చొద్దు, చూడు, చూసినందుకు ఇంత" అని. పొయ్యిన వారం ఆ ముసలాయనకి మిగిలిన బాకీ ఇచ్చి వచ్చా. ఆయన ఏం బాకీ అన్నాడు. నాకు తెలుసు ఏం బాకీనో.

రెండు, కొలిచి చూపించందే ఏదీ మార్చనివ్వను. మార్చిన పాత సామాను నా బండిలోనే ఇంటికి రావాలి.

మూడు, మా ఇంట్లో ఇంక ఎవరూ పానా పెట్టి డైరెక్ట్ కొట్టరు. కూలోళ్లు రోడ్డు మీద నిలబడ్డా సరే, మార్కెట్ టైము దాటిపోయినా సరే. ఒక రోజు రేటు పోతే మరుసటి రోజు వస్తుంది.

మా వాడు ఇప్పుడు కొంచెం కుంటుతూ నడుస్తున్నాడు, తగ్గిపోద్దని డాక్టరు చెప్పాడు. మొన్న జీపు ఎక్కబోతూ ఆగి, "పెదనాన్నా, న్యూట్రల్లో ఉందా" అని అడిగాడు. ఉంది అన్నా. అయినా వాడు రాడ్ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసుకున్నాకే తాళం తిప్పాడు.

నా మాట నమ్మకుండా చూసుకున్నందుకు నాకు సంతోషమేసింది. మీరు కూడా నా మాట నమ్మకండి. పొద్దున్నే వెళ్లి మీ బండి ఎర్త్ పట్టీ ఎక్కడుందో, ఎన్ని పోగులు మిగిలాయో మీ కళ్లతో చూసుకోండి.